కక్కు పోయిన రాయి

తాండూరులో పుట్టి, నాపరాయి అమ్ముకుని అన్నం తిని, చివరికి ఒక్క రాయి చేతిలో నేనెలా చిత్తయిపోయానో ఇవాళ మీకు చెప్పబోతున్నాను. ముందే చెబుతున్నాను, ఇందులో నా వైపు న్యాయం ఏమీ లేదు. ఈ వ్యవహారంలో పోయినవి మూడు. నా పరువు, నా దవడ పన్ను ఒకటి, మా అత్తగారి విసుర్రాయికి ఉన్న కక్కు. పరువు మళ్లీ కొద్దికొద్దిగా వచ్చింది. పన్నుకు డాక్టరు టోపీ పెట్టాడు. మూడోదాన్ని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నాకు నేనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

కక్కు అంటే ఏమిటని అడుగుతారు. ఆ మాట నాకప్పుడు తెలిసి ఉంటే మీకీ కథ వినే యోగం ఉండేది కాదు.

మాది వ్యవసాయం ఇల్లు. నాన్న కంది చేలు చేస్తూనే రాళ్ల పాలిషింగ్ యూనిట్ పెట్టాడు. పెళ్లయిన కొత్తలో ఆ యూనిట్ నా చేతికి వచ్చింది. ఇక చూసుకోండి. గరుకుగా ఏది కనపడ్డా నాకు చేతులు దురద పెట్టేవి. గడప రాయి పాలిష్, తులసి గద్దె పాలిష్, వాకిట్లో కూర్చునే అరుగు పాలిష్. బట్టలు ఉతికే బండను కూడా వదల్లేదు. మా అమ్మ దాని మీద చీర పెట్టి ఒక్క దెబ్బ కొట్టేసరికి చీర జారి మోరీలో పడింది. "ఓరి నీ పాలిష్ పాడుగాను, బండ మీద బట్ట నిలుస్తలేదు గదరా" అని ఆమె తిట్టిన తిట్లు వీధంతా విన్నారు. తెలివి ఉన్నవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను కొత్త బండ తెప్పించి, పాతదాన్ని డ్రాయింగు రూములో టీపాయి చేశాను.

నా భార్య స్వరూప యాలాల్ దగ్గరి పల్లెటూరి పిల్ల. ఆమె నవ్వు వినే నేను పెళ్లికి ఒప్పుకున్నాను. పెళ్లిచూపుల్లో నా చేతిలోని చాయ్ నా చొక్కా మీద ఒలికితే, పెద్దలున్నారని కూడా చూడకుండా లోపలి గదిలోంచి పకపకా నవ్వింది. ఇంటికొచ్చి ఈ పిల్లే కావాలన్నాను.

పెళ్లయిన కొన్నేళ్లకు వాళ్లమ్మ పోయింది. ఆ నవ్వు కూడా ఆమెతోపాటే పోయింది. స్వరూప వంట చేసేది, పిల్లవాణ్ణి బడికి పంపేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతే. అమ్మ ముచ్చట ఎత్తేది కాదు, మమ్మల్ని ఎత్తనిచ్చేది కాదు. అన్నలు ఇంట్లో సామాను పంచుకుంటున్నప్పుడు "నాకేం వద్దు, అమ్మ ఇసుర్రాయి ఒక్కటియ్యిండ్రి" అని దాన్ని మాత్రం తెచ్చుకుంది. తెచ్చి వంటింటి మూలన పెట్టి, పైన గుడ్డ కప్పింది. ఆ ఏడాదంతా నేను భార్య పక్కనే ఉండి భార్య కోసం బెంగపెట్టుకున్నాను. ఇది ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు, కానీ అది నిజం.

సంవత్సరీకం దగ్గరపడింది. "అమ్మ సంవత్సరీకానికి పప్పు నేను తెస్త, అమ్మ రాయి మీద నేనే ఇసురుత" అని స్వరూప అన్నలకు మాట ఇచ్చింది. మా చేలో కందులు తెప్పించుకుని, నూనె రాసి, మిద్దె మీద ఎండబెట్టింది. అవి ఎండేలోపు వికారాబాద్‌లో ఉన్న చెల్లెల్ని చూసొస్తానని రైలెక్కింది.

ఆమె అటు వెళ్లగానే నేను గుడ్డ తీసి రాయిని చూశాను. నల్లగా, జిడ్డుగా, అంచులు విరిగి ఉంది. పైరాయి ఎత్తి చూస్తే లోపల మరీ అన్యాయం, మశూచి సోకిన మొహంలా నిండా గుంతలు, గీతలు. పాపం, ఎన్నేళ్లు వాడారో, పూర్తిగా పాడైపోయింది అనుకున్నాను. నాకు తళుక్కున ఒక ఆలోచన వచ్చింది. నా జీవితంలో తళుక్కున వచ్చిన ప్రతి ఆలోచనా నన్ను ముంచింది, అయినా నేను వాటిని నమ్ముతూనే ఉంటాను. స్వరూప తిరిగొచ్చేసరికి వాళ్లమ్మ రాయి మిలమిలా మెరుస్తుంటే ఆమె మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకుని నాలో నేనే మురిసిపోయాను.

రాయిని ఆటోలో యూనిట్‌కు తీసుకెళ్లాను. మా మషిన్ నడిపే మహబూబ్ భాయ్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"సేటూ, గిది నల్లరాయి. మనది నాపరాయి మషిన్. అరిగేసరికి మన పాణం పోతది."

"ఎంతసేపైనా ఫికర్ లేదు భాయ్. రెండు రాళ్లూ లోపట అద్దం లెక్క కావాలె."

"ఇసుర్రాయిల మొకం చూస్కుంటరా సేటూ?"

"నువ్ జర పని చెయ్యి."

చేశాడు. పొద్దున పెడితే సాయంత్రందాకా ఆ రాయి అరగనని మొండికేసింది. మషిన్ కీచుమంది, పొగలు కక్కింది, నీళ్లు తాగింది. ఒక గుంత కూడా మిగలకూడదని నేను పక్కనే నిలబడి వేలితో తడిమి చూపించాను. ఇదిగో ఇక్కడొకటుంది, ఇదిగో ఇక్కడొకటి అని. ఇప్పుడు తలుచుకుంటే ఆ వేలు కొరుక్కోవాలనిపిస్తుంది.

స్వరూప స్టేషన్ నుంచి వచ్చింది. రాయిని హాలు మధ్యలో పెట్టి, కొత్త తువ్వాలు కప్పి, బొమ్మను ఆవిష్కరించే మంత్రిగారిలా పక్కన నిలబడ్డాను. తువ్వాలు లాగాను. ఆమె కిందికి వంగి పైరాయి ఎత్తి, లోపల అరచెయ్యి పెట్టి మెల్లగా నిమిరింది. సంతోషంతో మాట రావడం లేదనుకుని నేను పొంగిపోయాను.

పిడికెడు కందులు తెచ్చి రాయి నోట్లో పోసి, పిడి పట్టుకుని తిప్పింది. విసుర్రాయి గుర్రు గుర్రు మంటుందని అందరికీ తెలుసు. ఇది చప్పుడు చెయ్యకుండా ఫ్యానులా తిరిగింది. కందులు తీర్థయాత్రకు వెళ్లొచ్చిన చుట్టాల్లా, వెళ్లినవి వెళ్లినట్టే గుండ్రంగా బయటికొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు.

"కక్కు ఏమైంది?" అంది స్వరూప.

"ఏం కక్కు?"

"లోపట ఉండె గదా, సన్నసన్న గంట్లు."

"ఆ గుంతలా? రాయి ఖరాబైందని అన్నీ సాపు చేపిచ్చిన" అన్నాను, ఇంకా మెప్పు కోసం ఎదురుచూస్తూ.

"అవి ఖరాబైనయి కాదు. కొట్టిచ్చినయి. ఉలితోని అమ్మ కొట్టిపిచ్చింది. గవి లేకుంటే రాయి ఎట్ల పట్టుకుంటది గింజను?"

అప్పుడు నాకు బట్టలబండ గుర్తొచ్చింది. గుర్తు రావాల్సిన సమయంలో ఏదీ నాకు గుర్తు రాదు.

"పోనీ, దుకాణంల పప్పు తీస్కపోదం. తాండూరు పప్పంటే దేశమంత కొంటది" అన్నాను.

"దుకాణం పప్పు మా వదినెలు గూడ తెస్తరు" అంది. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది. గుడ్డ తీసి మళ్లీ రాయి మీద కప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె అమ్మను రెండోసారి నేనే పంపేశానని నాకప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే మహబూబ్ భాయ్ దగ్గరికి పరుగెత్తాను. "భాయ్, గా రాయిని మళ్ల గరుకు చెయ్యాలె" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"సేటూ, గరుకు చేసే మషిన్ ఏ కంపెనీల దొరకది. మా అమ్మీజాన్ దీన్నే టాకీ అంటుండె. టాకీ ఏసెటోళ్లు ఊర్లల్లకు వస్తుండె. వాళ్లను చూడక ఎన్నేండ్లాయెనో."

తాండూరంతా తిరిగాను. ఎక్కడ చూసినా రాళ్లను కోసేవాళ్లు, రుద్దేవాళ్లు, మెరిపించేవాళ్లు. ఇంత పెద్ద రాళ్ల ఊరిలో ఒక్క రాయిని గరుకు చేసే మనిషి లేడు. ఫోన్లో కక్కు అని వెతికితే వాంతులు తగ్గే చిట్కాలు వచ్చాయి. అల్లం రసం తాగమన్నారు. నా పరిస్థితికి అదీ పనికొచ్చేదే.

పరిగిలో ఒక కమ్మరి కక్కు పెడతాడని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లాను. ఆయన మాట నిజమే, కక్కు పెడతాడు. కానీ కొడవళ్లకు. "గిదిగో, గీ పండ్లు చూసినవా? వరి కోసే కొడవలికి గీ కక్కు లేకుంటే జారుతది. రంపానికి గూడ గంతే. రాయికైతే నా చేతగాదు పటేలా" అన్నాడు. నా మొహం చూసి జాలిపడి ఒక ఉలి ఇచ్చాడు. "ఉలి నాది, చెయ్యి నీది. ఏమన్న ఐతె నా పేరు చెప్పకు" అన్నాడు.

అక్కణ్నుంచి వికారాబాద్. మా మరదలి ఇంటి పక్కన రిటైరైన తెలుగు సారు ఒకాయన ఉన్నాడు, ఆయనకు పాత సంగతులన్నీ తెలుసని ఆమె పంపింది. నేను వెళ్లింది కక్కు కొట్టే మనిషి చిరునామా కోసం. సారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, నిఘంటువు దించాడు.

"కక్కు. మంచి మాట పట్కొచ్చినవ్ నాయనా. రంపానికి కక్కు, కొడవలికి కక్కు, తిరుగలికి కక్కు. పన్ను అని అర్థం. కోసేది గానీ, ఇసిరేది గానీ, పట్టు దొరకాలంటే దానికి పన్నుండాలె."

"సారూ, కొట్టేటోళ్లు ఎక్కడుంటరు?"

"ఆగు, చెప్పనీ. పంటలు ఇండ్లకు వచ్చినంక వాళ్లు ఊరూరు తిరుగుతుండె. కక్కు కొడ్తమమ్మా అని కేకేస్తె ఆడోళ్లు రాళ్లన్ని వాకిట్ల పెడుతుండె. పప్పు ఇసిరే రాయికి దొడ్డు కక్కు, పిండి రాయికి సన్న కక్కు. కన్నడపోళ్లకు గూడ కచ్చు అని ఒక మాటుంది, గంటు పెట్టుడనే. రెండు మాటలు అక్కచెల్లెండ్లేమో అని నాకొక అనుమానం."

"సారూ, మనిషి..."

"పిండి పట్టే గిర్నీ వచ్చింది, పిండి రాయి మూలకు పడె. మిక్సీ వచ్చింది, పప్పు రాయి మూలకు పడె. ఇగ మనుషులు ఎందుకొస్తరు? గిప్పుడు నువ్వొచ్చినవ్. ఈ మాట అడిగినోణ్ణి మస్తు దినాలకు చూసిన" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. చాయ్ తాగకుండా వెళ్లనివ్వలేదు. మనిషి చిరునామా మాత్రం లేదు. రైల్లో తిరిగి వస్తుంటే నా సంచిలో ఒక ఉలి, నా తలలో ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు, ఇంట్లో ఒక నున్నటి రాయి ఉన్నాయి.

ఇక చేసేదేముంది. ఇంటి వెనక షెడ్డు కింద గోనెపట్టా పరిచి, రాయిని ముందు పెట్టుకుని నేనే కూర్చున్నాను. మొదటి దెబ్బకు ఉలి జారి గోడకు తగిలింది. రెండో దెబ్బ బొటనవేలి మీద పడింది. మూడో దెబ్బకు రాయి మీద ఆవగింజంత గంటు పడింది. దానికే నేను లోకం గెలిచినవాడిలా అటూ ఇటూ చూశాను. చూస్తే స్వరూప గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం చేస్తుండ్రు?"

"కక్కు కొడ్తున్న."

"గట్ల ఇష్టమొచ్చినట్టు కొడ్తె కక్కు కాదు, చీమలపుట్టైతది" అంటూ వచ్చి కూర్చుంది. చేతిలో ముగ్గుగిన్నె ఉంది. కళ్లు మూసుకుని ఆ నున్నటి రాయి మీద వేలు పెట్టింది.

"నడుమల నుంచి అంచుకు పోవాలె గీతలు. చిన్నప్పుడు అమ్మ ఇసుర్తుంటె, గీతలల్ల ఇరుక్కున్న పొట్టును చీపురుపుల్లతోని తీసుడు నా పని. అన్నీ యాదికున్నయి." వేలు ఎక్కడికి పోతే అక్కడ ముగ్గు గీసింది. "ఇక్కడొకటి. దీని పక్కకొకటి. గిక్కడ జర వంకర పోతుండె. కొట్టెటాయనకు అమ్మ చాయ్ ఇచ్చిందట, ఆయన తాగుకుంట కొట్టిండట. నా చాయ్ గింత వంకరుంటదా అని అమ్మ ఎప్పుడు నవ్వుతుండె."

అమ్మ ముచ్చట్లు ఆమె నోటి నుంచి వినడం ఏడాది తర్వాత అదే మొదలు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆగిపోతుందేమోనని భయం. ఆమె గీస్తూ, చెబుతూ పోయింది. అమ్మ విసురుతూ పాడే పాట సగమే గుర్తుందని, మిగతా సగం అడిగి ఉంచుకోవాల్సిందని, తెల్లారకముందే వినిపించే ఆ గుర్రు గుర్రు లేకపోతే ఇప్పటికీ సరిగ్గా మెలకువ రాదని. మాట మధ్యలో ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది, మళ్లీ గీసింది. నేను కొడుతూనే ఉన్నాను. ఆ వంకర గీత ఒక్కటే నేను ఏ తప్పూ లేకుండా కొట్టాను. తిన్నగా పోవాల్సిన గీతలు కూడా దాన్ని చూసి నేర్చుకున్నాయి.

కొత్త కక్కు కొట్టాక రాతిపొడి పోయేందుకు మొదట తవుడు విసిరి పారబోయాలట. స్వరూప విసిరింది, కడిగింది, ఆరబెట్టింది. ఆ తర్వాత కందులు పోసింది. రాయి గుర్రుమంది. నేను వంటింటి గడపలో కూర్చుని ఆ చప్పుడు విన్నాను. కందులు బద్దలై పచ్చగా రాలుతుంటే నా బొటనవేలి నొప్పి కూడా తీపిగా అనిపించింది.

సంవత్సరీకం నాడు యాలాల్ దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాం. పూజ అయింది, అమ్మ ఫోటో ముందు విస్తరి పెట్టారు, తర్వాత మా బంతి కూర్చుంది. నా పక్కన స్వరూప పెద్దన్న. ఆయన పెళ్లిలో కూడా నవ్వని మనిషి. వేడి అన్నంలో పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

కటుక్కుమంది.

అది రాయి చప్పుడు కాదు, నా దవడ పన్ను చప్పుడు. నొప్పి తెలిసేలోపే నా పక్కన, ఎదురుగా, బంతి చివర, అంతటా కరకర మొదలైంది. ఒక్కొక్కరి నోరూ ఆగిపోయింది. నా ఉలి దెబ్బలకు సగం ఊడి సగం మిగిలిన రాతి పలుకులన్నీ తవుడుకు లొంగకుండా, సమయం చూసి పప్పులోకి దూకాయి. వడ్డిస్తున్న స్వరూప గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆమె మొహం పాలిపోయింది. అమ్మ పేరు మీద తెచ్చిన పప్పు, అన్నల ముందు, ఇలాగ. విస్తరి కింద దూరడానికి వీలుంటే నేను దూరేవాణ్ణి.

పెద్దన్న నోట్లోంచి ఒక పలుకు తీసి వేళ్ల మధ్య పెట్టుకుని చూశాడు.

"చెల్లె, గీ పప్పు ఎక్కడిది?"

"నేనే ఇసిరిన అన్నా. అమ్మ రాయి మీద."

"కక్కు కొత్తగ కొట్టిపిచ్చినవా?"

స్వరూప నా వైపు చూసి, తల ఊపింది. ఆయన ఆ పలుకును విస్తరి అంచున జాగ్రత్తగా పెట్టాడు.

"కక్కు కొట్టిచ్చిన కొత్తల అమ్మ పప్పు గిట్లనే ఉంటుండె. నాయన బుక్క బుక్కకు తిడుతుండె. అమ్మేమో, నోట్ల పండ్లున్నయి గదా, ఏరుకోని తినరాదా అంటుండె." పక్కన చిన్నన్న అందుకున్నాడు: "నాయన రాళ్లన్ని ఏరి అమ్మ కొంగుల పెడుతుండె, మళ్ల ఇసురుపో అని."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వుతూనే ఏడ్చారు. పెద్దన్న విస్తరి ముందుకు జరిపి "జర ఇంకింత పప్పెయ్యి చెల్లె" అన్నాడు. అప్పుడు స్వరూప నవ్వింది. పెళ్లిచూపుల నాటి నవ్వు, పకపకా, పెద్దలున్నారని కూడా చూడకుండా. నా కళ్లల్లో నీళ్లు ధారగా కారాయి. సగం ఆ నవ్వుకు, సగం పన్నుకు. ఏది ఎంతని ఇప్పటికీ తేల్చుకోలేదు.

అప్పటినుంచి ఏటా అత్తగారి తిథికి ముందు కక్కు కొట్టడం నా వంతు. ఏటికేడు నా చెయ్యి కుదిరింది, అదే చివరికి కొంప ముంచింది. పోయిన ఏడు గీతలు ఎంత శుభ్రంగా వచ్చాయంటే, నేను గర్వంతో తవుడు తెగ విసిరి, పప్పును స్వయంగా జల్లెడ పట్టి, గాలించి, కడిగి పంపాను. ఒక్క పలుకు లేదు. బంతిలో పెద్దన్న ఒక ముద్ద తిన్నాడు, రెండో ముద్ద తిన్నాడు. నెమ్మదిగా నములుతూ, నాలుకతో వెతుకుతూ, విస్తరి అంతా తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కుంటూ నా దగ్గరికి వచ్చి, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"ఏం బావా, ఈసారి అమ్మ రాలేదా?"

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుట, మా యూనిట్‌లోని నాపరాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకరి అమ్మ వాడిన వస్తువు ఎంత గరుకుగా ఉన్నా దాన్ని నున్నగా చెయ్యను. బతికినన్నాళ్లూ ఆ పప్పును జల్లెడ దగ్గరికి పోనివ్వను. ఈ సంగతి మా పళ్ల డాక్టరుకు కూడా ముందే చెప్పి ఉంచాను.